గోడ మీద ప్రయాణం – 3వ పాఠం: మేకు ఎక్కడ కొట్టాలి?

ప్రయాణాల్లో తీసిన ఫొటోలు, తెచ్చిన వస్తువులు ఇంటి గోడ మీద పెట్టుకోవడం గురించే ఈ పాఠాలు. కిందటి పాఠంలో ఫొటో ఎంపిక, ప్రింటు సైజు చూశాం. 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి, గుర్తుంది కదా. ఫ్రేము కట్టించి తెచ్చారనుకుందాం. ఇక గోడ సంగతి.

ముందు ఎండ చూడాలి. బెజవాడ వేసవిలో సాయంత్రం నాలుగింటికి హాల్లో నిలబడండి. పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ ఏ గోడ మీద పడుతోందో ఆ గోడను వదిలేయండి. పెడన నుంచి తెచ్చిన కలంకారీ గుడ్డ అక్కడ కడితే సహజ రంగులు త్వరగా వెలిసిపోతాయి. హంపి రాతి రథం ఫొటో అయినా క్రమంగా పాలిపోతుంది. మామూలు అద్దం బిగిస్తే చాలనుకోకండి, అది ఎండను పెద్దగా ఆపదు.

బాత్రూంకు ఆనుకున్న గోడ, వానలకు పొక్కులు లేచే గోడ కూడా వద్దు. కాగితానికి బూజు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎత్తు. మన ఇళ్లలో పెద్దవాళ్ల ఫొటోలు గుమ్మం పైన, కాస్త ముందుకు వంచి కడతారు. వాటికి దండ వేసి దణ్ణం పెడతాం కాబట్టి అక్కడ బాగుంటాయి. ఆ అలవాటుతోనే అరకు లోయను కూడా ఏడడుగుల ఎత్తుకు ఎక్కించేస్తాం, చూడాలంటే మెడ పట్టేస్తుంది! బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57–60 అంగుళాల్లో ఉండాలి.

మేకు స్థానానికి లెక్క ఇది. ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు, మధ్యభాగం 58 దగ్గర అనుకుందాం. 58కి సగం ఎత్తు 12 కలిపితే 70. వెనక తీగను మేకుకు తగిలించినట్టు వేలితో పైకి లాగి, అది ఫ్రేము పై అంచుకు ఎంత కిందుందో కొలవండి. 3 అంగుళాలుంటే 70లోంచి అది తీసేయండి. మేకు 67 దగ్గర.

సోఫా పైన అయితే ఈ లెక్క పక్కన పెట్టండి. సోఫా వీపుకీ ఫ్రేముకీ మధ్య 6–8 అంగుళాలు వదిలితే చాలు. ఫ్రేము వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులుంటే నిండుగా కనిపిస్తుంది. అంత పెద్ద ఫ్రేము ఖరీదనిపిస్తే రెండు మూడు చిన్నవి దగ్గర దగ్గరగా పెట్టుకోండి. నాకైతే అదే ఇష్టం.

ఈ వారం పని: పాత పేపరును ఫ్రేము సైజుకు కత్తిరించి, టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. కూర్చునీ, నిలబడీ, గుమ్మంలోంచీ చూడండి. నచ్చకపోతే జరపండి, ఖర్చేమీ లేదు.

వచ్చే పాఠంలో డ్రిల్లు, గోడ కన్నంలో దూర్చే ప్లగ్గులు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఈలోగా ఓనరుగారిని అడిగి ఉంచండి.