ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో సొంతంగా చదవడం ఎలా అలవాటు చేసుకోవాలి?

ఇంటర్మీడియట్ రెండేళ్లూ తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా ఏది ఎప్పుడు చదవాలో వేరొకరే నిర్ణయించగా చదివిన విద్యార్థి, బీటెక్‌లో చేరి సాయంత్రాలన్నీ తన చేతికి రాగానే తడబడటం సహజం. దాన్ని బద్ధకమని తిట్టుకోవద్దు. అక్కడ కొరవడింది తానుగా నిర్ణయించుకునే అలవాటు.

మొదట సిలబస్ ముందు పెట్టుకోండి. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఒక్కో సబ్జెక్టు సాధారణంగా 5 యూనిట్లుగా ఉంటుంది. వాటిలో ఒక్క యూనిట్ ఎంచుకుని, అది పూర్తయ్యాక మీరు ఏం చేయగలగాలో ఒక వాక్యంలో రాయండి. "మాత్రికలు చదవాలి" అని రాస్తే ఎక్కడ ఆగాలో తెలియదు; "మాత్రిక ర్యాంకును బట్టి సమీకరణాలకు సాధన ఉందో లేదో చెప్పగలగాలి" అని రాస్తే తెలుస్తుంది.

తరువాత రోజుకు 40 నిమిషాలు కేటాయించుకోండి. ఏ వేళ, ఏ సబ్జెక్టు అన్నది మీరే తేల్చుకోవాలి. తానే ఎంచుకున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం ఉన్నచోట ఆసక్తి నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ వివరించారు. ఆసక్తి పుట్టాక మొదలుపెడదామని ఎదురుచూస్తే మిడ్ పరీక్షలు వచ్చేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, చదివినదాన్ని చూడకుండా రాయడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత కొంత మెరుగ్గా రాసినా, వారం గడిచాక మాత్రం చూడకుండా గుర్తుచేసుకుంటూ రాసినవారే ఎక్కువ నిలుపుకున్నారు. కాబట్టి పుస్తకం మూసి, తెల్లకాగితంపై సూత్రాన్ని, దాని ఉత్పాదనను (డెరివేషన్) గుర్తున్నంత మేరకు రాసి, ఆపై పుస్తకంతో పోల్చి, తప్పినచోట ఎర్ర సిరాతో దిద్దుకుని, రెండు రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించండి. మొదటిసారి సగం కూడా రాకపోతే నిరుత్సాహపడవద్దు, ఏది రాలేదో తెలియడమే ఆ రోజు సంపాదన.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలకు నమోదు ఉచితం, ధ్రువపత్రం కోసం రాసే పరీక్షకే రుసుము ఉంటుంది. వీడియో చూస్తున్నప్పుడు అధ్యాపకుడు లెక్క మొదలుపెట్టగానే ఆపి, మీరు చేసి, ఆ తరువాతే జవాబు చూడండి.

సొంతంగా చదవడమంటే ఒంటరిగా చదవడం కాదు. 20 నిమిషాలు ప్రయత్నించినా ముడి వీడకపోతే, ఎక్కడ ఆగిపోయారో కాగితంపై రాసుకుని అధ్యాపకుని దగ్గరకు వెళ్లండి, "అర్థం కాలేదు సార్" అనడం కంటే "ఈ మూడో వరుస ఎలా వచ్చింది సార్?" అని అడిగితే సాయం త్వరగా అందుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఇంగ్లీషు పాఠాన్ని ముందు మిత్రుడికి తెలుగులో వివరించి, ఆపై ఇంగ్లీషులో రాస్తే భావమూ భాషా రెండూ పట్టుబడతాయి.

ఆదివారం పది నిమిషాలు కూర్చుని ఎర్ర సిరా గుర్తులు తిరగేసి, వచ్చే వారం ప్రణాళికను వాటినుంచే వేసుకోండి. మధ్యలో ఒక రోజు తప్పిపోతే మరునాడు 80 నిమిషాలు కూర్చోవద్దు, అదే 40 నిమిషాలతో తిరిగి మొదలుపెట్టండి.