1937 నాటి 'దునియా నా మానే' మధ్యలో ఆపకుండా ఎలా చూడాలి

పాత హిందీ సినిమా అంటే చాలామంది పది నిమిషాలు చూసి ఫోన్ తీస్తారు. బొమ్మ మసక, మాట గరగర, పైగా అందరూ స్టేజీ మీద నిలబడ్డట్టు మాట్లాడతారు. నిజమే, కానీ వి. శాంతారామ్ తీసిన ఈ సినిమాని అలా వదిలేస్తే నష్టం మనకే. కాస్త ముందు సిద్ధమై కూర్చుంటే మొత్తం లాగించేయొచ్చు, అదెలాగో చెబుతాను. కథ, ముగింపుతో సహా, ముందే చెప్పేస్తున్నా. ఎనభై ఏళ్లు దాటిన సినిమాకి సస్పెన్స్ గురించి బెంగ అక్కర్లేదు, పైగా ముగింపు తెలిసి చూస్తేనే ఇది బాగా ఎక్కుతుంది.

కథ ఇదీ. అమ్మానాన్నలు లేని నిర్మలని మేనమామ డబ్బుకి ఆశపడి, మోసం చేసి, కాకాసాహెబ్ అనే ముసలి లాయరుకి కట్టబెడతాడు. ఆయనకి మొదటి భార్య పోయింది, ఎదిగిన కొడుకూ కూతురూ ఉన్నారు. కన్యాశుల్కం చదివినవాళ్లకి లుబ్ధావధాన్లు గుర్తొస్తాడు. గుర్తు రానివ్వండి గానీ అక్కడే ఆగిపోకండి, ఎందుకంటే ఇక్కడ పెళ్లి అయిపోయాకే అసలు కథ మొదలు. నిర్మల ఏడుస్తూ సర్దుకుపోదు, పారిపోదు, నూతిలో దూకదు. ఆ ఇంట్లోనే ఉంటూ, ఆయన్ని భర్తగా మాత్రం ఒప్పుకోనని మొండికేస్తుంది. సవతి కొడుకు వెకిలి వేషాలు వేయబోతే వాడికీ గట్టిగా బుద్ధి చెబుతుంది.

ముందు ఏ వెర్షన్ చూడాలో తేల్చుకోండి. పూణేలోని ప్రభాత్ కంపెనీ దీన్ని మరాఠీలో 'కుంకూ' పేరుతో, హిందీలో ఈ పేరుతో రెండుసార్లు తీసింది, ముఖ్యమైన నటులు రెండింట్లోనూ వాళ్లే. మనలో ఎక్కువమందికి స్కూల్లోనో సినిమాల్లోనో అబ్బిన హిందీ ఉంటుంది కాబట్టి హిందీదే పెట్టుకోండి. మహారాష్ట్రలో స్థిరపడి మరాఠీ వచ్చినవాళ్లయితే మాత్రం 'కుంకూ'నే చూడండి, ఆ మనుషుల ఇంటి మాట అది. మూల నవల నారాయణ్ హరి ఆప్టేది, అదీ మరాఠీయే. చదవలేకపోతున్నామే అని ఆగొద్దు, స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఆయనే. సినిమా నిడివి రెండున్నర గంటల పైమాటే. నెట్‌లో దొరికిన కాపీ అంతకంటే బాగా తక్కువ ఉంటే ఎవరో కోసేశారన్నమాట, ఇంకోటి వెతకండి.

టీవీలో చూస్తే బొమ్మని తెర నిండా సాగదీయకండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనీయండి. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇది సౌండ్ క్వాలిటీ కోసం చెప్పే మాట కాదు, ఉన్న క్వాలిటీ ఎలాగూ అంతే. ఈ సినిమాలో నేపథ్య సంగీతం లేదు. ఏడుపు సీనుకి వయొలిన్ రాదు, కోపానికి డప్పు మోగదు, వినపడే చప్పుళ్లన్నీ ఆ సన్నివేశంలో ఉన్న వస్తువుల నుంచీ మనుషుల నుంచీ వచ్చేవే. 1937లో, పాటల మీద పాటలు కూర్చే రోజుల్లో, ఈ ధైర్యం చేశారు. మొదట్లో ఏదో వెలితిగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి. కాసేపటికి గోడ గడియారం టిక్కుటిక్కు మీకే చిరాకు తెప్పిస్తుంది. ఆ గడియారాన్ని ముసలాయనతోనే ముడిపెట్టారు కాబట్టి అది కనిపించినప్పుడల్లా, వినిపించినప్పుడల్లా కాస్త పట్టించుకోండి. అలాగే అద్దాలు. ఆయన అద్దం ముందుకు వచ్చాడంటే చేతిలో ఫోన్ పక్కన పెట్టేయండి, సినిమాలో మంచి షాట్లు కొన్ని అక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి, ఇది లేకపోతే మిగతా సలహాలు ఇచ్చీ లాభం లేదు. చూడబోయే ముందు అప్పటి చట్టం కొంచెం తెలుసుకోవాలి. చాలామంది ఈ సినిమా చూసి అడిగేది ఒక్కటే, విడాకులు ఇచ్చేసి పోవచ్చు కదా అని. ఎక్కడిస్తుంది? అప్పటి బొంబాయి రాష్ట్రంలో హిందువులకి విడాకుల చట్టం 1947లో గానీ రాలేదు, మన ఆంధ్ర జిల్లాలున్న మద్రాసు రాష్ట్రంలో 1949లో, దేశమంతటికీ 1955లో. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 14 అని పెట్టిందే తప్ప, పెళ్లికొడుక్కి ఇంత వయసు మించకూడదని ఎక్కడా అనలేదు. కాబట్టి ఈ పెళ్లి చట్టం దృష్టిలో శుభ్రంగా చెల్లుతుంది, బయటపడే దారి మాత్రం లేదు. అదే సమయంలో 1856 నుంచీ వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం ఉంది, మన రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. భర్త బతికుండగా నిర్మలకి ఏ దారీ లేదు, ఆయన పోతే ఉంది. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది లాయరుకే.

చివర్లో కాకాసాహెబ్ తన తప్పు తెలుసుకుని, ఆమెని కూతురుగా భావిస్తూ, మళ్లీ పెళ్లి చేసుకోమని ఉత్తరం రాసి ప్రాణం తీసుకుంటాడు. పైన చెప్పిన లెక్క తెలియకుండా చూస్తే ఇది అప్పటి సినిమాల్లో మామూలే అయిన ఏడుపు ముగింపులా ఉంటుంది. తెలిసి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఆమెకి విడుదల ఇవ్వడానికి ఆ లాయరు దగ్గర మిగిలిన ఒకే ఒక్క కాగితం అది. నాకైతే ఆయన మీద జాలి కలిగేలా తీయడం కొంచెం ఎక్కువైందనిపిస్తుంది. తప్పు చేసినవాడికి గొప్ప చావు ఇచ్చి, నిర్మలని పక్కన నిలబెట్టేశారేమో అని. మీరు ఒప్పుకోకపోవచ్చు, ఇంట్లో నలుగురు కూర్చుని చూస్తే దీని మీద వాదన మాత్రం గ్యారంటీ.

నటుల గురించి రెండు ముక్కలు తెలిసుంటే సినిమా ఇంకా దగ్గరవుతుంది. నిర్మలగా వేసిన శాంతా ఆప్టే తన పాటలు తానే పాడింది. మధ్యలో అమెరికా కవి లాంగ్‌ఫెలో రాసిన ఇంగ్లీషు పద్యం కూడా పాడుతుంది, అది వచ్చినప్పుడు ఫార్వర్డ్ కొట్టకండి, నవ్వొచ్చినా సరే. బయట కూడా ఆవిడ తక్కువ మనిషేం కాదు, కాంట్రాక్టు గొడవలో 1939లో ప్రభాత్ గేటు ముందే నిరాహార దీక్షకి కూర్చుంది. తర్వాత మన నెల్లూరు వాడు వై.వి. రావు తీసిన తమిళ 'సావిత్రి'లో సావిత్రిగా వేసింది, అందులో నారదుడు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. ముసలాయనగా వేసిన కేశవరావ్ దాతే మరాఠీ నాటకాల నుంచి వచ్చినవాడు, ఆ స్టేజీ వాసన కొన్ని చోట్ల కొడుతుంది, క్షమించేయండి.

సవతి కూతురు సుశీలగా వేసిన శకుంతలా పరాంజపేని ప్రత్యేకంగా గమనించండి. ఆమె సమాజ సేవ చేసే అమ్మాయి పాత్ర, ఇంట్లో నిర్మల వైపు నిలబడేది ఆవిడే. తెర బయట కూడా ఆవిడ కుటుంబ నియంత్రణ కోసం ఏళ్ల తరబడి పనిచేసింది, ఆ మాట పైకి అనడానికే జనం సిగ్గుపడే కాలంలో. 'చష్మే బద్దూర్' తీసిన సాయి పరాంజపే ఆవిడ కూతురే.

ఒక్క బిగిన చూడలేకపోతే రెండు రాత్రులుగా విడగొట్టండి, కానీ ఉత్తరం సీను మొదలయ్యాక మాత్రం ఆపొద్దు. నచ్చితే తర్వాత శాంతారామ్‌దే 1939 నాటి 'ఆద్మీ' పెట్టుకోండి. ఒక పోలీసు కానిస్టేబులూ ఒక వేశ్యా, అదీ మరాఠీ హిందీ రెండింట్లోనూ తీసిందే, దీనికంటే త్వరగా కథలోకి లాగుతుంది.