ప్రమేయ సమూహాల గుర్తింపు – 4వ భాగం: ఆల్డిహైడా, కీటోనా?

గత భాగంలో ఆల్కహాళ్లను, ఫినాళ్లను గుర్తించడం నేర్చుకున్నాం. ఈ భాగంలో కార్బొనైల్ సమూహాన్ని, అంటే ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్‌ను గుర్తిస్తాం. ఆల్డిహైడ్‌లో ఈ కార్బన్‌కు కనీసం ఒక హైడ్రోజన్ ఉంటుంది, కీటోన్‌లో ఉండదు. ఆ హైడ్రోజన్ ఉండడం వల్లనే ఆల్డిహైడ్ తేలికగా ఆక్సీకరణం చెంది ఆమ్లంగా మారుతుంది. రెండింటినీ వేరు చేయడానికి ప్రయోగశాలలో ఎక్కువగా ఆధారపడేది ఈ గుణం మీదనే.

ముందుగా కార్బొనైల్ ఉందో లేదో తేల్చుకోవాలి. ఇచ్చిన పదార్థం రెండు మూడు చుక్కలను 2 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించి, అంతే పరిమాణంలో 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ కారకాన్ని కలిపి బాగా కుదపండి. పసుపు, నారింజ లేదా ఎరుపు రంగు అవక్షేపం ఏర్పడితే ఆల్డిహైడ్ గానీ కీటోన్ గానీ ఉన్నట్లే. వెంటనే ఏర్పడకపోతే కొద్దిగా వేడిచేసి పది, పదిహేను నిమిషాలు ఆగి చూడండి. కార్బొనైల్ బెంజీన్ వలయానికి నేరుగా అంటుకొని, దాని ద్విబంధాలతో సంయుగ్మమై (ఎలక్ట్రాన్లు పంచుకుంటూ) ఉన్నప్పుడు రంగు ఎరుపు వైపు మొగ్గుతుంది. అయితే కారకం రంగే నారింజ కనుక, రంగును బట్టి పదార్థం పేరు చెప్పడానికి తొందరపడకూడదు. అవక్షేపాన్ని వడపోసి, పునఃస్ఫటికీకరించి, ద్రవీభవన స్థానం చూస్తే అంతకంటే గట్టి ఆధారం దొరుకుతుంది. ఎసిటోన్ నుంచి వచ్చిన అవక్షేపం సుమారు 126 డిగ్రీల సెల్సియస్ వద్ద, బెంజాల్డిహైడ్ నుంచి వచ్చినది సుమారు 237 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఎస్టర్లు, ఎమైడ్లు, కార్బాక్సిలిక్ ఆమ్లాలు కార్బొనైల్ ఉన్నప్పటికీ ఈ పరీక్షకు స్పందించవు.

ఇక రెండో మెట్టు టాలెన్స్ పరీక్ష. దీని ఫలితం చాలావరకు పరీక్షనాళిక శుభ్రతను బట్టి ఉంటుంది కాబట్టి, నాళికను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో వేడిచేసి, స్వేదనజలంతో కడిగిన తరువాతే మొదలుపెట్టండి. అందులో 2 మిల్లీలీటర్ల 5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం తీసుకొని ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేస్తే గోధుమరంగు సిల్వర్ ఆక్సైడ్ అవక్షేపిస్తుంది. విలీన అమ్మోనియా ద్రావణాన్ని చుక్క చుక్కగా కలుపుతూ, ఆ అవక్షేపం కరిగీ కరగగానే ఆపేయండి. అమ్మోనియా ఎక్కువైతే పరీక్ష సున్నితత్వం తగ్గిపోతుంది. విద్యార్థుల చేతుల్లో ఈ పరీక్ష విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇప్పుడు పదార్థం రెండు చుక్కలు వేసి, కుదిపి, సుమారు 60 డిగ్రీల నీటిలో కదపకుండా కొన్ని నిమిషాలు ఉంచండి. ఆల్డిహైడ్ ఆక్సీకరణం చెందుతూ వెండి అయాన్లను క్షయకరణం చేయడంతో (అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మార్చడంతో) నాళిక లోపలి గోడకు మెరిసే వెండి పూత పడుతుంది. గాజు మీద జిడ్డు ఉంటే పూతకు బదులు బూడిదరంగు లేదా నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్నీ అనుకూల ఫలితంగానే తీసుకోవచ్చు.

ఈ కారకాన్ని ఎప్పటికప్పుడు తయారుచేసుకోవాలే తప్ప సీసాలో దాచకూడదు. నిలవ ఉంచితే అందులో పేలుడు స్వభావం గల వెండి సమ్మేళనాలు ఏర్పడతాయి. పరీక్ష అయిన వెంటనే మిగిలిన ద్రావణాన్ని విలీన నత్రికామ్లంతో ఆమ్లీకరించి పారవేయండి.

టాలెన్స్ అనుకూలమైనంత మాత్రాన ఆల్డిహైడ్ అని తీర్పు చెప్పేయకూడదు. ఫార్మిక్ ఆమ్లం కూడా వెండిని క్షయకరణం చేస్తుంది. ఫ్రక్టోజ్ కీటోన్ చక్కెరే అయినా, కార్బొనైల్ పక్కనున్న హైడ్రాక్సిల్ సమూహం వల్ల క్షార ద్రావణంలో అది కూడా అనుకూల ఫలితమిస్తుంది. అందువల్లనే మొదటి పరీక్షను దాటవేసి నేరుగా రెండోదానికి వెళ్లకూడదు.

ఫెహ్లింగ్ పరీక్షలో, కాపర్ సల్ఫేట్ ఉన్న ఎ ద్రావణాన్ని, రోషెల్ లవణం (సోడియం పొటాషియం టార్ట్రేట్), సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న బి ద్రావణాన్ని సమాన పరిమాణాల్లో అప్పటికప్పుడు కలిపి, పదార్థం వేసి మరుగుతున్న నీటిలో ఉంచాలి. ఆలిఫాటిక్ ఆల్డిహైడ్లు, అంటే బెంజీన్ వలయం లేనివి, ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్‌ను ఇస్తాయి. బెంజాల్డిహైడ్ వంటి ఆరోమాటిక్ ఆల్డిహైడ్లు, అంటే బెంజీన్ వలయానికి నేరుగా ఆల్డిహైడ్ సమూహం ఉన్నవి, ఇవ్వవు. టాలెన్స్‌కు స్పందించి, ఫెహ్లింగ్‌కు స్పందించని పదార్థం ఎదురైతే ఈ తేడాయే దారి చూపుతుంది.

చివరిది అయడోఫాం పరీక్ష. పదార్థానికి సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, పొటాషియం అయొడైడ్‌లో కరిగించిన అయోడిన్‌ను దాని రంగు నిలిచేవరకు చుక్కలుగా వేయండి. మిథైల్ కీటోన్లు (కార్బొనైల్ కార్బన్‌కు CH₃ సమూహం ఉన్న కీటోన్లు), ఎసిటాల్డిహైడ్ ప్రత్యేకమైన వాసనతో పసుపు స్ఫటికాలను ఇస్తాయి. ఇథనాల్ కూడా ఇదే ఫలితం ఇస్తుంది కాబట్టి, మొదటి పరీక్షకు ఇథనాల్‌లో కరిగించి ఉంచిన నమూనాను ఇక్కడ వాడితే ఫలితం పనికిరాదు. కొత్తగా పదార్థం తీసుకోండి.

అభ్యాసం: ఒక ద్రవం మొదటి పరీక్షకు నారింజ అవక్షేపాన్ని, అయడోఫాం పరీక్షకు పసుపు స్ఫటికాలను ఇచ్చింది, టాలెన్స్‌కు స్పందించలేదు. అది ఎసిటోన్ కావచ్చు, ఎసిటోఫినోన్ కావచ్చు. కొత్త కారకమేదీ లేకుండా, నీరు మాత్రమే వాడి వీటిని ఎలా వేరు చేస్తారో రాసుకోండి. జవాబుతోనే వచ్చే భాగం, కార్బాక్సిలిక్ ఆమ్లాల పరీక్షలు, మొదలవుతుంది.