ఇంట్లో గడగడా అప్పజెబుతాడు, హాల్లో పెన్ను కదలదు

ప్రీఫైనల్ మార్కులు వచ్చిన మర్నాడు పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి చెప్పేది ఒకటే మాట: "ఇంట్లో అన్నీ చెప్తాడండీ, అక్కడికెళ్లి మర్చిపోతాడు." నేనడిగేదీ ఒకటే: జవాబు పత్రం ఏదీ? సగం మంది తేరు. ఫోన్లో మార్కులు చూపిస్తారు. మార్కులు చూస్తే ఏం తెలుస్తుంది? పేపరు ముందు పెట్టుకుంటే పావుగంటలో తేలిపోతుంది.

చివరి ప్రశ్నలు గీకేసినట్టున్నాయా? టైము చాలలేదు. వెనక్కి తిప్పి చూడండి, రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసి ఉంటాడు. గడియారం ముందు పెట్టి పాత పేపర్లు మూడు నాలుగు రాయించండి.

లెక్కలో మెట్లన్నీ సరిగ్గా ఉండి జవాబు తప్పిందా? కటకం (లెన్స్) లెక్కలో వస్తుదూరానికి మైనస్ పెట్టడం మర్చిపోయే రకం ఇది. అలాంటివి నాలుగైదు ఇవ్వండి, కానీ వరసగా కాదు, వేరే లెక్కల మధ్యలో కలిపి.

రెండు వాక్యాలు రాసి ఆగిపోయాడా? బయటికొచ్చి పుస్తకం చూడగానే "అయ్యో, ఇది నాకొచ్చు" అన్నాడా? అసలు తంటా ఇక్కడుంది.

నేనూ దెబ్బతిన్నాను. ఒక ఏడాది ఒకమ్మాయి రోజూ సాయంత్రం నాకు పాఠం అప్పజెప్పేది. ఎక్కడా తడుముకునేది కాదు. ఢోకా లేదనుకున్నాను. ప్రీఫైనల్‌లో భౌతికశాస్త్రం 50కి 19. తర్వాత నన్ను నేను గమనించుకుంటే తెలిసింది. చదివిన పది నిమిషాలకే అప్పజెప్పించుకుంటున్నాను. పైగా తను ఆగినచోట నాకు తెలియకుండానే మొదటి మాట అందిస్తున్నాను. ఆ మాట పట్టుకుని మిగతాదంతా లాగేసేది. ఇంట్లో అమ్మలు చేసేదీ ఇదే. హాల్లో ఇన్విజిలేటరు మాట అందించడు కదా!

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, అవతలివాళ్లకు 75. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. మనం ఇంట్లో ఆ ఐదు నిమిషాల మార్కు చూసుకుని మురిసిపోతున్నాం.

అందుకని ఇవాళ చదివింది ఇవాళే అప్పజెప్పించుకోకండి. రేపు సాయంత్రం పుస్తకం వేరే గదిలో పెట్టి, తెల్లకాగితం మీద ప్రశ్న ఒక్కటే రాసివ్వండి. పెన్ను నములుతూ ఐదు నిమిషాలు కూర్చున్నా నోరు మెదపొద్దు. రాయడం అయ్యాక పుస్తకం తెచ్చుకుని, వదిలేసినవన్నీ ఎర్ర పెన్నుతో వాడే చేర్చాలి. ఓమ్ నియమం రాయమంటే దాదాపు అందరూ వదిలేసేది "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న ముక్క. చదివేటప్పుడు కన్ను దాని మీదుగా జారిపోతుంది, పసుపు హైలైటర్ పూసినా సరే. మళ్లీ చదవాల్సింది ఆ ఎర్రగా ఉన్నచోటే, పాఠమంతా కాదు. మూడు రోజులాగి అదే ప్రశ్న, ఇంకో వారానికి మళ్లీ అదే.

"పదేసిసార్లు రాయిస్తున్నాం కదా" అంటారు. చూసి రాస్తే చెయ్యి నొప్పెడుతుంది, అంతే.

మొదటి వారం కాగితాలన్నీ ఎర్రబడతాయి. "మీరు చెప్పాక ఉన్నది కూడా పోయిందండీ" అని నాకు ఫోన్లొస్తాయి. ముందునుంచీ లేనిదే ఇప్పుడు బయటపడుతోంది, కంగారు పడకండి.

ఇక మిగిలినవి. జ్ఞాపకశక్తి సిరప్పులు, బల్లను తూర్పుకు తిప్పడం లాంటివి నన్నడగొద్దు. బోర్డు మసగ్గా కనిపిస్తోందంటే కళ్లు చూపించండి. పరీక్షంటే వాంతులయ్యేంత భయముంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటి పిల్లలు నాకు తగిలింది ఒకరిద్దరే.

పరీక్షలకు పది రోజులే ఉంటే వారాల విరామం కుదరదు. రాత్రి చదివింది పొద్దున్న లేవగానే, పుస్తకం ముట్టుకోకముందే రాయించండి. దానికోసం అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి నిద్ర మాత్రం చెడగొట్టకండి.