ఇంటర్ ఫెయిలైన పిల్లవాడి మాట వినడం ఎలా?

హన్మకొండ హాస్టల్ నుంచి ఇంటర్ తప్పి ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి చూడగానే మన నోట మొదట వచ్చేది సలహా. అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ సరిగ్గా దాన్నే ఆపుకోమంటాడు. ఎదుటి మనిషి మారాలంటే వినేవారిలో మూడు ఉండాలని 1957లో రాశాడు: అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం, షరతుల్లేని ఆదరణ, లోపలొకటి బయటొకటి లేకపోవడం.

ముందు అన్నం పెట్టండి, పడుకోనివ్వండి. ఆకలి మీదున్న మనిషికి మిగతావేవీ పట్టవని మరో అమెరికా మనస్తత్వవేత్త మాస్లో 1943లోనే చెప్పాడు.

ఆ తర్వాత ఓ అరగంట తీరిక చేసుకోండి. చుట్టాలు లేని చోట కూర్చోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

"మామా, అందరి ముంగట ఇజ్జత్ పోయింది" అన్నాడనుకోండి. "ఏం పోలే, సప్లిమెంటరీ రాయి" అంటే మాట అక్కడే తెగిపోతుంది. "ఇజ్జత్ పోయిందా" అని తిరిగి అప్పజెప్పడమూ వినడం కాదు. బాధను మీ మాటల్లో పెట్టి అడగండి: "బయటికి పోవాల్నంటేనే సిగ్గైతుంది, గంతేనా బిడ్డా?" ఆ "గంతేనా" మరవొద్దు. మీ అంచనా తప్పయితే వాడే దిద్దుతాడు: "సిగ్గు కాదు మామా, బాపు ఎనుమాముల మార్కెట్ల మిర్చమ్మిన పైసలన్నీ నా ఫీజుకే కట్టిండు." అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

"ఎందుకు సదవలే" అంటే సంజాయిషీ మొదలవుతుంది. "అప్పుడు ఏమైంది" అనండి. మధ్యలో మౌనం వస్తే మీరు పూడ్చకండి.

ఎక్కువమంది తడబడేది ఆదరణ దగ్గర. తక్కువ మార్కులను మెచ్చుకోమని కాదు. మార్కులొస్తేనే మావాడివి అనే షరతు పెట్టొద్దని. కోపం ఉంటే నవ్వు పులుముకోకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. "నాక్కూడ కోపమొచ్చింది, జర సేపాగి మాట్లాడుకుందాం" అన్నా నయమే.

చావు మాట ఏ రూపంలో వచ్చినా వినడం ఒక్కటే చాలదు. "సచ్చిపోవాల్ననిపిస్తుందా" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుల మందుంటే తీసేయండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా చూపించాలంటే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.