కన్ను కెమెరాలో ఉండగా కాలు కదపకండి

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్క ఊరి కుర్రాడు లాకుల దగ్గర లకుముకి పిట్టను ఫొటో తీస్తూ కాలువలో పడ్డాడు. పిట్ట తీగ మీంచి లేచింది. ఫ్రేములో పట్టడం లేదని వీడు కెమెరా కంటికి ఆనించుకునే రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో అడుగు కింద గట్టు లేదు. అవతల బాతులు తోలుకుంటున్న మనిషి దూకి జుట్టు పట్టి లాగబట్టి బతికాడు.

కార్తీకం వచ్చింది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడుతున్నాయి, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల బురదలో వలస పిట్టలు దిగుతున్నాయి. ఇక వారం వారం కెమెరాలు బయల్దేరతాయి. టోపీ, నీళ్ల సీసా సంగతి నేను చెప్పక్కర్లేదు. చెప్పేది ఒకటే: కన్ను కెమెరాలో ఉండగా కాలు కదపకండి. పొడుగు లెన్సులో వంద గజాల అవతల ఈక కనిపిస్తుంది, మీ పాదం ముందున్నది కనపడదు.

సీతాకోకచిలుకల దగ్గర ఇది ఇంకా ప్రమాదం. నాలుగేళ్ల కిందట కోతలైన చేలో, గట్టు మీద గడ్డిచామంతి పూల మీద వాలిన ఒకదాని కోసం మోకాళ్ల మీద జరుగుతూ పోయాను, కన్ను తీయకుండా. కెమెరా దించి చూస్తే మోచేతికి జానెడు దూరంలో ఎండుగడ్డి రంగు చుట్ట. రక్తపింజర. వీపు మీద గొలుసులా వరసగా ఉన్న మచ్చలు లెక్కపెట్టగలిగేంత దగ్గర. తాచు అయితే అలికిడికి చాలావరకు తప్పుకుంటుంది. ఇది కదలకుండా పడి ఉంటుంది. కోతలయ్యాక ఎలకల కోసం గట్లలోకి, కుప్పల కిందికి చేరుతుంది. అందుకే మోకాలు ఆనించే ముందు కర్రతో గడ్డి కదిపి చూడండి. కాటు పడితే పసర్లు, కోతలు, బిగించి కట్టడాలు వద్దు. కాలు కదపనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

మడ అడవిలో పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా ఎత్తుగా. మీరు నడిచొచ్చిన దారే గంటలో పాయ అయిపోవచ్చు. పోటు ఎప్పుడో పడవవాళ్లని అడిగి దిగండి. మడచెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి, చెప్పులతో దిగొద్దు. పడవలో నిలబడి తీయొద్దు. లైఫ్ జాకెట్ విప్పొద్దు. బోదె మీద తాటిదుంగ దాటేటప్పుడు కెమెరా బ్యాగులో ఉండాలి. రొయ్యల చెరువు గట్ల మీద నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటు వైర్లు నేల మీదే పోతాయి, వాటి దరిదాపుల్లో ట్రైపాడ్ పెట్టొద్దు. పొగమంచులో రోడ్డు అంచున ఆగొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు. ఇద్దరు వెళితే ఒకరు తీయండి, రెండోవారు నేల చూడండి. గూటికి అడ్డమొచ్చిందని కొమ్మ విరవొద్దు, ఆ నీడ లేకపోతే పిల్లలు ఎండకి చస్తాయి. గూడు ఎక్కడుందో ఫొటో కింద రాయొద్దు. తల్లి గూటి మీంచి లేచిందంటే మీరు మరీ దగ్గరికొచ్చేశారని. వెనక్కి వచ్చేయండి. ముందు కెమెరా దించండి, వెనక్కి తిరిగి నేల చూడండి, అప్పుడు అడుగు వేయండి.