ఇంట్లో ఫిల్ము కడుక్కోవడం, 4వ పాఠం: స్పైరల్ ఎక్కనంటే ఎక్కదు

ఈసారి డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మ తేల్చే కెమికల్) కలపడం మొదలెడదాం అని చెప్పా కదా, కుదరదు. మూడో పాఠం అయ్యాక మీరు పంపిన నెగెటివ్‌లు చూశాక తెలిసిందేంటంటే సగం మందికి ఫిల్ము ఇంకా ట్యాంకులోకే, అంటే వెలుగు దూరకుండా కెమికల్స్ పోసి కడిగే డబ్బాలోకే, వెళ్ళట్లేదు. ఇంక కెమికల్స్ కలిపి ఏం లాభం? కాబట్టి ఇవాళ మళ్ళీ వెలుగు దూరని ఆ నల్ల సంచీలోనే చేతులు పెట్టి ఫిల్ము ఎక్కిద్దాం.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. పోయినసారి "రీలు బాగా పొడిగా ఉండాలి" అని రాశా. మనకి రీలంటే ఫిల్మే, స్టూడియోకెళ్ళి అడిగేది "రీలు కడిగారా అండీ" అనే కదా. నేను చెప్పింది ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ చక్రం గురించి. ఒకాయన పాపం కొత్త ఫిల్ముని డబ్బాతో సహా మేడ మీద ఎండలో పెట్టాడు, పొడిగా ఉండాలన్నారుగా అని. వేడికి ఫిల్ము పాడవుతుంది, అది వేరే గొడవ. ఇకమీదట ఫిల్ము అంటే ఫిల్ము, చక్రాన్ని స్పైరల్ అందాం, రీలు అన్న మాట ఈ పాఠాల్లో ఇక రాదు.

ఇప్పుడు మీ నెగెటివ్‌ల సంగతి. ఫిల్ము మొత్తం గాజులా ఖాళీగా వచ్చిందని ఏడెనిమిది మంది రాశారు, అందరికీ ఒకటే జవాబు చెప్పలేను. అంచులు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు నల్లగా కనిపిస్తుంటే డెవలపర్ తన పని తాను చేసింది, మీ ట్యాంకు తప్పు కాదు, ఫిల్ముకి అసలు వెలుగే తగల్లేదు, అంటే చాలాసార్లు కెమెరాలో ఫిల్ము పట్టుకోలేదు, మీరు తిప్పుతూనే ఉన్నారు అది కదలకుండా కూర్చుంది. అంచుల మీద కూడా ఏమీ లేకపోతే డెవలపర్ చచ్చిపోయి ఉండాలి, లేదా ముందు ఫిక్సర్ పోసేసుంటారు (అది డెవలపర్ తర్వాత పోయాల్సిన కెమికల్, ముందే పోస్తే బొమ్మ రాకుండానే పోతుంది). రెండోది నేనూ చేశా, అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఫిక్సర్ సీసాకి ఎర్ర రబ్బరు బ్యాండు ఉంటుంది, చూడకుండా ముట్టుకున్నా తెలిసిపోతుంది.

ఫిల్ము అంచులతో సహా నల్లగా బొగ్గులా వచ్చిందా? వెలుగు దూరింది. ఇలా వచ్చిన ముగ్గురినీ ఒకటే అడిగా, మధ్యలో ఉండే నల్ల గొట్టం పెట్టారా అని. ఇద్దరు ఏ గొట్టం అన్నారు! స్పైరల్ మధ్యలోంచి దూరే ఆ గొట్టం, పైన గరాటు లాంటి మూత, ఈ రెండూ కలిస్తేనే వెలుగు లోపలికి రాకుండా ఆగుతుంది, నీళ్ళు మాత్రం దిగుతాయి. గొట్టం లేకపోతే గరాటు కంతలోంచి వెలుగు సూటిగా ఫిల్ము మీదే పడుతుంది. ఆ గొట్టం స్పైరల్‌ని నిలబెట్టడానికి అనుకుంటారు అందరూ, నేనూ అలాగే అనుకుని మా చిన్నాన్నగారి గృహప్రవేశం ఫిల్ము మొత్తం తగలేశా, పాలు పొంగించిన ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు, పిన్ని ఇప్పటికీ ఆ మాటెత్తుతుంది. స్పైరల్ ఒకటే పెట్టినా, చిన్న ట్యాంకైనా, నీళ్ళతో ప్రాక్టీసైనా సరే గొట్టం ఉండాల్సిందే.

ఇంకొకరికి మబ్బు మబ్బుగా మచ్చలొచ్చాయి, అదీ అక్కడక్కడ. చాలాసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నా, తర్వాత అడిగితే చేతికి స్మార్ట్ వాచ్ ఉందట. సంచీలో మణికట్టు తిప్పిన ప్రతిసారీ అది వెలుగుతుంది కదా! వాచీ తీసెయ్యండి, చీకట్లో మెరిసే ముళ్ళున్న పాత వాచీ అయినా తీసెయ్యండి.

నెలవంక ఆకారంలో నల్లటి గీతలు వస్తే అది ఫిల్ము మడత పడిన గుర్తు, ఎక్కట్లేదని కోపంతో తోసినప్పుడు వస్తుంది. ఫిల్ము మీద ఒకచోట పాలలాంటి మచ్చ ఉండి అవతల ఏమీ కనపడకపోతే రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, అక్కడికి ఏ కెమికలూ వెళ్ళలేదు. మళ్ళీ ఫిక్సర్‌లో వేస్తే ఆ తెలుపు పోతుంది, బొమ్మ మాత్రం రాదు.

ఈ చివరి రెండూ ఒకే జబ్బు. ఇవాళ అసలు పాఠం అదే.

ఫిల్ము సగం ఎక్కి ఆగిపోయింది, వెనక్కీ రాదు ముందుకీ పోదు, చెయ్యి తిరగడం లేదు అని రాసినవాళ్ళంతా తమ చేతులనే తిట్టుకున్నారు. మీ చేతుల తప్పు కాదండీ, తడి తప్పు. స్పైరల్‌లో ఫిల్ము దూరే చోట రెండు పక్కలా చిన్న స్టీలు గోళీలుంటాయి. మీరు రెండు భాగాల్నీ ఇటూ అటూ తిప్పుతుంటే ఒక గోళీ ఫిల్ముని పట్టుకుంటుంది, రెండోది వదులుతుంది, అలా ఒక్కో అడుగు లోపలికి నడిపిస్తుంది. గోళీకి కాస్త తడి తగిలితే దాని గూట్లోనే అతుక్కుపోతుంది. ఇక ఫిల్ముకి పూసిన పొర జిలెటిన్, తడి పీల్చుకుని ఉబ్బి జిగురవుతుంది, గాడి ప్లాస్టిక్‌ని పట్టేసుకుంటుంది. ఈ వస్తువుల్ని ఎక్కడో చలిదేశాల్లో తయారుచేసి వాటి కాగితంలో "పొడిగా ఉంచండి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, బెజవాడలో ఆగస్టు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నల్ల సంచీలో రెండు చేతులు మోచేతుల దాకా పెట్టి పది నిమిషాలు కూర్చుంటే లోపల ఏమవుతుందో వాళ్ళకేం తెలుసు. ఇడ్లీ పాత్రే.

పరీక్ష చాలా తేలిక. స్పైరల్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గోళీలు టకటకమని ఆడాలి. రెండూ. ఒకటే వినపడితే, లేదా ఏమీ వినపడకపోతే, ఆ స్పైరల్ ఇవాళ వద్దు.

నిన్ననే కడిగి ఆరబెట్టానండీ, అయినా గోళీ ఆడట్లేదు అంటారా. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. చివర్లో నీటి చుక్కల మరకలు పడకుండా సబ్బులాంటి ద్రవం రెండు చుక్కలేస్తాం కదా, ఫోటో ఫ్లో లాంటిది, అది మీరు ట్యాంకులోనే పోసి, స్పైరల్‌తో సహా ముంచి, తర్వాత ఫిల్ము తీసి ఆరేసి, స్పైరల్‌ని అలాగే పక్కన పెడుతున్నారు. ఆ ద్రవం ఆరిపోయి గాడి పొడవునా సన్నటి బంక పొరలా మిగులుతుంది. కంటికి కనపడదు. చేత్తో తడిమినా తెలీదు. కొంచెం తేమ తగిలిందా, మళ్ళీ బంక అవుతుంది. మొదటిసారి బాగానే ఎక్కుతుంది, రెండోసారి కూడా, నాలుగోసారికో ఐదోసారికో మొరాయిస్తుంది, అప్పుడు మీరు ట్యాంకు నాసిరకం అని కొత్తది కొంటారు, దానికీ అదే చేస్తారు. కాబట్టి కడగడం అయిపోగానే ఫిల్ముని స్పైరల్‌లోంచి తీసెయ్యండి, వేరే గిన్నెలో ఆ ద్రవం కలుపుకుని ఫిల్ముని మాత్రమే అందులో ముంచండి, స్పైరల్‌కి అది చుక్క కూడా తగలకూడదు. ఇప్పటికే తగిలిందా, వేణ్ణీళ్ళు, పాత టూత్ బ్రష్, గాడి గాడికీ రుద్దండి, గోళీలున్న చోట ఇంకొంచెం ఎక్కువసేపు. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. సబ్బు అసలే వద్దు, సబ్బు పోగొట్టడానికి సబ్బేంటి. తర్వాత గట్టిగా విదిలించి ఫ్యాను కింద ఒక రాత్రంతా. గంట కాదు, రాత్రంతా, ఎందుకంటే గోళీ గూట్లో దూరిన చుక్క బయటికి కనపడదు, గంటలో పోదు. ఒకే రోజు రెండు ఫిల్ములు కడగాలంటే రెండు స్పైరల్స్ కొనుక్కోండి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి పది నిమిషాల్లో మళ్ళీ వాడొచ్చా అని అడిగారొకరు, నేను చెయ్యను.

స్టీలు స్పైరల్‌కి ఈ గోళీల గొడవ ఉండదు, తడిగా ఉన్నా పెద్దగా పట్టించుకోదు. కాకపోతే అది లోపల్నుంచి బయటికి చుట్టాలి, ఫిల్ముని కొంచెం వంచి పట్టుకుంటూ, ఒక్క చుట్టు తప్పిందంటే అంతా మొదటికొస్తుంది. నేర్చుకుంటే ప్లాస్టిక్ మొహం చూడరంటారు, నేనైతే ప్లాస్టిక్‌తోనే బతికేస్తున్నా.

ఇక మన చేతుల చెమట. నేను తెల్లవారుజామున ఐదింటికి చేస్తా, అప్పుడు ఉక్కపోత తక్కువ. మీకు ఏసీ గది ఉంటే సంచీ కూడా అరగంట ముందే ఆ గదిలో పెట్టండి. సంచీ లోపల చిన్న ప్లాస్టిక్ కూరగాయల బుట్ట ఒకటి పక్కకి పడుకోబెడతా, గుడ్డ ఫిల్ము మీద పడకుండా పందిరిలా నిలబడుతుంది, లోపల గాలి ఆడుతుంది, ఇది ఎవరూ చెప్పలేదు నాకు, మా ఇంట్లో ఉల్లిపాయల బుట్ట. పౌడర్ రాసుకోవద్దు, ఫిల్ముకి అంటుకుంటుంది. మధ్యలో చేతులు తడిసిపోతే ఫిల్ముని ట్యాంకులో పెట్టి మూత వేసి, అది టక్‌మని లాక్ అయ్యాకే చేతులు బయటికి తీసి, తుడుచుకుని, ఫ్యాను కింద ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ మొదలెట్టండి. ఫిల్ము స్పైరల్‌కి ఎక్కకపోయినా పర్లేదు, వదులుగా చుట్టి ట్యాంకులో పడెయ్యండి, గొట్టం మాత్రం మర్చిపోవద్దు.

మూత బయట మర్చిపోయి చేతులు లోపల పెట్టేసినామె కథ విన్నాక అందరికీ చెప్తున్నా. ఫోటో పేపర్ ప్యాకెట్‌లో వచ్చే నల్ల కవరు ఒకటి ఎప్పుడూ సంచీలో పడేసి ఉంచండి. ఏదైనా మర్చిపోతే ఫిల్ముని అందులో పెట్టి మడిచి అప్పుడు చేతులు తియ్యొచ్చు. ఆమె మాత్రం వాళ్ళ అత్తగారు కాఫీ తాగించేదాకా అలాగే కూర్చుందట, చీకటి పడ్డాక గదిలో లైట్లన్నీ తీసి మూత తెచ్చుకుంది. దణ్ణం పెట్టాలి ఆమెకి.

120 ఫిల్ము (వెనక కాగితంతో వచ్చే వెడల్పు ఫిల్ము) వాళ్ళకి ఒక్క మాట, ఎందుకంటే ఇంట్లో దొరికిన పాత అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలు బయటికి తీసి మొదలెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. 35ఎం.ఎం. కంటే ఇది పొట్టి, ముప్ఫయ్యారు ఫ్రేములది మీటరున్నర పైన ఉంటే ఇది మీటరు కూడా ఉండదు, కానీ వెడల్పు దాదాపు రెట్టింపు, పలచన, అందుకే ఊరికే వంగి మడత పడుతుంది. వెనక కాగితం విప్పుతూ పొండి, ముందు ఫిల్ము విడి కొస తగులుతుంది, చివర్లో టేపు వేసిన కొస. చాలామంది విడి కొసతోనే ఎక్కిస్తారు. నేను మొత్తం విప్పి, టేపుని కాగితం నుంచి మెల్లగా ఊడదీసి, దాన్ని ఫిల్ము అంచు మీదికే మడిచేసి ఆ కొసతో ఎక్కిస్తా. గట్టిగా ఉంటుంది, గోళీల దాకా సాఫీగా వెళ్తుంది. టేపుని సర్రున లాగొద్దు, చీకట్లో నీలంగా చిన్న మెరుపు వస్తుంది, ఫిల్ముకి అదీ వెలుగే.

సంచీ లేకుండా చెయ్యలేమా అని అడిగారు. చెయ్యొచ్చు, ఈ కోరిక కొత్తదేం కాదు, 1902లోనే కొడాక్ చీకటి గది అక్కర్లేని డెవలపింగ్ డబ్బా ఒకటి అమ్మింది, దాన్ని కనిపెట్టింది టెలిఫోన్ గ్రాహంబెల్ దగ్గర సెక్రటరీగా పనిచేసిన మెకర్డీ. తర్వాత అగ్ఫా వాళ్ళ రోండినాక్స్ వచ్చింది, పట్టపగలు టేబుల్ మీద పెట్టి కొసని క్లిప్పుకి తగిలించి తిప్పితే లోపలికి లాక్కుంటుంది, చివర్లో లోపలి కత్తి ఫిల్ముని కోస్తుంది. అదే పద్ధతిలో 2017లో ల్యాబ్‌బాక్స్ అని ఒకటి జనం చందాలతో వచ్చింది. అన్నీ బాగానే ఉంటాయి కానీ 35ఎం.ఎం.లో కొస ఫిల్ము డబ్బా బయటికి ఉండాలి, మీ కెమెరా మొత్తం లోపలికి చుట్టేసే రకమైతే ఆ కొస బయటికి లాగడం ఇంకో యుద్ధం. పైగా నాకు కెమికల్ లోపల ఉన్నంతసేపూ దాని పిడి తిప్పుతూ కూర్చునే ఓపిక లేదు.

వచ్చే పాఠానికి రెండు అంకెలు గుర్తుపెట్టుకుని రండి. పాటర్సన్ ట్యాంకులో 35ఎం.ఎం. ఒకదానికి 290 మి.లీ., 120కి 500 మి.లీ., ట్యాంకు అడుగునే రాసి ఉంటుంది. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ 5 ఫిల్ముకి ఐడీ-11 డెవలపర్, తయారైన ద్రవానికి మళ్ళీ నీళ్ళు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మన మేడ మీది ట్యాంకు నీళ్ళు మే నెలలో 20 ఏంటి, 32 ఉంటాయి, దాని సంగతి అప్పుడు చూద్దాం, ఫ్రిజ్‌లో రెండు సీసాల నీళ్ళు ఇప్పట్నుంచే పెట్టండి.

ప్రాక్టీస్. గడువు తీరిన ఫిల్ము ఒకటి బలి ఇవ్వండి. కళ్ళు తెరిచి ఐదుసార్లు ఎక్కించండి, కళ్ళు మూసుకుని ఐదుసార్లు, సంచీలో పదిసార్లు. ఆ పదిలో నాలుగు మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాను ఆపి. అవును, ఆపి. అందులో ఒకసారి కావాలనే స్పైరల్ మీద తడి వేలు పెట్టి చూడండి, గోళీ పట్టేసినప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో ఒకసారి అనుభవంలోకి రావాలి, అప్పుడు అసలు ఫిల్ముతో తొయ్యకుండా ఆగుతారు. ఇరవయ్యీ అయ్యాక ఫిల్ముని కిటికీ దగ్గర పట్టుకుని నెలవంకలు ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు పంపండి. తర్వాత సంచీని తిరగేసి ఆరెయ్యండి, చెమట వాసనతో మడిచి బీరువాలో పెడితే వారంలో బూజు పడుతుంది.